సంచి సజ్జ మీదే పెట్టాను

గత నెలలో ఫోన్ స్టోరేజ్ నిండిపోయిందని ఒకటే గోల చేస్తుంటే, వాట్సాప్‌లో పాత వీడియోలు, గుడ్ మార్నింగ్ బొమ్మలు తుడిచేస్తూ కూర్చున్నాను. వెనక్కి వెళ్తూ వెళ్తూ 2024 సెప్టెంబరు 1 దగ్గర ఆగాను. ఆ ఆదివారం పొద్దున్న గుంటూరులో ఉండే మా అక్కకి నేను పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి కనబడింది. నిమిషం పన్నెండు సెకన్లు. విన్నాను. మళ్లీ విన్నాను. మూడోసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను, ఇంట్లో ఎవరి చెవినా పడకూడదని.

"నీళ్లు మోకాలి దాకా వచ్చాయక్కా. కరెంటు లేదు. అమ్మ బాగానే ఉంది, నువ్వు కంగారు పడకు. కాగితాల సంచి సజ్జ మీద పెడతానన్నాడు తమ్ముడు, నేనే వద్దన్నా. మంచం మీదే ఉంచరా, పడవొస్తే చేత్తో పట్టుకుని దిగిపోవచ్చు అన్నా..."

ఈ నాలుగు ముక్కలకి అంత దాపరికం ఎందుకంటే, ఏడాది పైగా నేను ఊరందరికీ చెప్పుకొస్తున్న కథ వేరు.

మాది విజయవాడ సింగ్ నగర్‌లో కింది వాటా. బుడమేరు వాగుకి గండ్లు పడి నీళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడు మధ్యాహ్నానికల్లా ఇంట్లో నడుం లోతు నిలబడ్డాయి. అమ్మని ఎత్తుకుని పక్కింటి మేడ మీదకి చేరాం. ఎనిమిది రోజుల తర్వాత తిరిగొచ్చి చూస్తే గోడల మీద నీటి చార నా గడ్డం దాకా ఉంది. మంచం మీది ఆకుపచ్చ రెగ్జిన్ సంచి బురద ముద్ద. రిజిస్టర్డ్ దస్తావేజులకైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకళ్లు తెచ్చుకోవచ్చు, తెచ్చుకున్నాం కూడా. కానీ అందులో నాన్న చేతిరాతతో ఉన్న పంపకాల జాబితా ఒకటి ఉండేది. ఆయనా బాబాయీ కూర్చుని రాసుకున్నది, ఇద్దరి సంతకాలతో. దానికి నకలు లేదు, ఇక రాదు. సజ్జ మీదున్న ఆవకాయ జాడీకి మాత్రం చుక్క నీరు అంటలేదు. "ఆస్తి పోయి ఆవకాయ మిగిలింది" అంది అమ్మ. నవ్వలేదు.

నా కథ ప్రకారం ఆ సంచి నేనే సజ్జ మీద పెట్టాను. తర్వాత తమ్ముడు ఆధార్ కార్డుల కోసమని దించి, మళ్లీ పైన పెట్టకుండా మంచం మీద పడేశాడు. వాడు ముట్టుకోలేదన్నాడు. నేను పెట్టింది నా కళ్లతో చూశానురా అన్నాను. మాట మీద మాట పెరిగింది. దసరాకి వచ్చాడు గానీ భోజనానికి కూర్చోలేదు. అప్పట్నించీ మా మధ్య మాటలు అమ్మ మందుల వరకే.

సిగ్గుపడాల్సిన సంగతి అది కాదు. మెసేజ్ విన్నాక కూడా సంచి సజ్జ మీద పెడుతున్నట్టే నాకు కనిపిస్తోంది! కాళ్లు తడి మంచం పట్టె మీద, ఎడమ మోచేతికి ఇత్తడి గుండిగ అంచు చల్లగా తగలడం, సంచి లోపలికి తోస్తుంటే దుమ్ము కళ్లలో పడటం. నా గొంతే కాదంటోంది. కళ్లు ఔనంటున్నాయి.

గుంటూరులో డిగ్రీలో సైకాలజీ చదువుతున్న మా మేనకోడలికి విషయం చెప్పాను. అది నవ్వింది. "మావయ్యా, నువ్వు మా సిలబస్‌లో ఉన్నావు" అని పుస్తకాలు రెండు తెచ్చి పడేసింది. కోర్టుల దగ్గర పదిహేడేళ్లుగా డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నవాణ్ణి. రోజుకి పదిహేను అఫిడవిట్లు టైపు చేస్తాను. జ్ఞాపకం గురించి నాకు ఇంకొకరు చెప్పాలా అనుకున్నాను. చెప్పాలి.

మనం జ్ఞాపకాన్ని గోడౌన్ లెక్కన చూస్తాం. బస్తా వేశాం, తలుపేశాం, కావాలంటే తీస్తాం. దొరక్కపోతే మతిమరుపు, దొరికితే నిజం. మూడోది లేదు. మన పలుకుబడి కూడా అలాగే ఉంటుంది: మనసులో ముద్ర పడిపోయింది, కళ్లకు కట్టినట్టుంది, నిన్న మొన్న జరిగినట్టుంది. ఈ మాటలని మనం రుజువుల్లా వాడతాం. నేను ఈ వ్యాసంలో గొడవ పడేది ఆ వాడకంతోనే. కళ్లకు కట్టినట్టు ఉండటానికీ, అలా జరిగి ఉండటానికీ మధ్య చుట్టరికం ఉంది గానీ, మనం అనుకునేంత దగ్గరి చుట్టరికం కాదు.

మర్చిపోవడం సంగతి ఎప్పుడో తేలింది. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థం లేని అక్షరాల ముక్కలు తానే బట్టీపట్టి, మళ్లీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గుతుందో కొలిచాడు. 1885లో అచ్చేశాడు. 20 నిమిషాలకి మిగిలింది 58 శాతం, రోజు గడిస్తే 34, నెల గడిస్తే 21. మొదట్లో బిందె పగిలినట్టు పోతుంది, తర్వాత చుక్కచుక్కగా కారుతుంది. పరీక్షకి ముందురోజు రాత్రంతా కూర్చునే మన ఊరి ఇంటర్ పిల్లలకి ఇది చెప్పక్కర్లేదు, వాళ్లకి అనుభవమే.

కానీ నేను మర్చిపోలేదు కదా. మర్చిపోతే "ఏమోరా, గుర్తులేదు" అనేవాణ్ణి, గొడవే ఉండేది కాదు. పోయినచోట ఖాళీ కనబడదు, అదీ అసలు చిక్కు. అక్కడ ఇంకేదో వచ్చి కూర్చుంటుంది, ఎప్పట్నించో ఉన్నట్టే.

కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే ఆయన దీని మీద చేసిన పని 1932లో పుస్తకంగా వచ్చింది. ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లీషువాళ్ల చేత చదివించి, కొన్నాళ్ల తర్వాత ఒకసారి, మరికొన్నాళ్లకి ఇంకోసారి చెప్పించాడు. కథలో వాళ్లు ఎక్కిన తెడ్ల దోనె చెప్పేవాళ్ల నోట్లో మామూలు పడవైంది. సీల్ జంతువుల వేట చేపలు పట్టడమైంది. తెలియనివి తెలిసినవిగా మారాయి, అర్థం కాని ముక్కలు రాలిపోయాయి. ఎవరూ అబద్ధం చెప్పాలనుకోలేదు. గుర్తు చేసుకోవడమంటే ఉన్నదాన్ని తీయడం కాదు, దొరికిన నాలుగు ఇటుకలతో మళ్లీ కట్టడం అన్నాడాయన. మిగతా ఇటుకలు మనకి అలవాటైన లోకంలోంచి తెచ్చుకుంటాం.

నాకు అలవాటైన లోకంలో నేను జాగ్రత్తపరుణ్ణి, తమ్ముడు దేన్నీ పట్టించుకోడు. చిన్నప్పుడు స్కూలు సంచి సిటీ బస్సులో వదిలేసింది వాడే. అలాంటప్పుడు కాగితాల సంచి తడిస్తే తప్పు ఎవరి ఖాతాలో పడుతుంది?

ఇక్కడ జాన్ డీన్ సంగతి చెప్పకుండా ముందుకి పోలేను. అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌కి సలహాదారుగా పనిచేసిన లాయరు. ప్రతిపక్ష పార్టీ ఆఫీసులోకి మనుషులు దొంగతనంగా చొరబడిన వాటర్‌గేట్ కుంభకోణంలో 1973లో సెనేట్ కమిటీ ముందు 245 పేజీల వాంగ్మూలం ఇచ్చాడు. ఏ రోజు ఎవరు ఏమన్నారో పూసగుచ్చినట్టు చెబుతుంటే, ఇతను మనిషా టేప్ రికార్డరా అని పత్రికలవాళ్లు రాశారు. తీరా చూస్తే అధ్యక్షుడి ఆఫీసులో నిజం టేప్ రికార్డరు ఒకటి తిరుగుతూనే ఉందని బయటపడింది. ఉల్రిక్ నైసర్ అనే మానసిక శాస్త్రవేత్త 1981లో రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. మొత్తం మీద డీన్ చెప్పింది నిజమే: కప్పిపుచ్చుతున్నారు, అధ్యక్షుడికి తెలుసు. కానీ ఫలానా రోజు ఫలానా మాటలు అని చెప్పినవి చాలామటుకు ఆ రోజు ఆ మాటలు కావు. పైగా ఆ సంభాషణల్లో డీన్ తన స్థానాన్ని ఉన్నదానికంటే పెద్దది చేసుకున్నాడు. అబద్ధాలకోరు కాదు. వరద నీళ్లలో సంచి సజ్జ మీద పెట్టిన వీరుడు, అంతే.

అదే నైసర్ ఇంకో పని చేశాడు, అది నన్ను మరీ ఇబ్బంది పెట్టింది. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆయన కాలేజీ విద్యార్థుల చేత, ఆ వార్త తెలిసినప్పుడు ఎక్కడున్నారు, ఎవరు చెప్పారు, ఏం చేస్తున్నారు అని రాయించి దాచాడు. దాదాపు మూడేళ్ల తర్వాత వాళ్లలో 44 మందిని మళ్లీ అడిగాడు. రెండు కాగితాలూ పూర్తిగా కలిసింది ముగ్గురికి. 11 మందికి ముఖ్యమైన విషయం ఒక్కటీ కలవలేదు. నమ్మకం మాత్రం దిట్టంగా ఉంది. వాళ్ల కాగితాలు వాళ్లకే చూపిస్తే దస్తూరీ తమదేనని ఒప్పుకున్నారు గానీ, పాత జ్ఞాపకం తిరిగి రాలేదు.

ఆ చివరి వాక్యం చదివి పుస్తకం మూసేసి కాసేపు వరండాలోకి వెళ్లి నిలబడ్డాను.

ఇంకొకటి ఉంది. వరద మొదలైన మర్నాడు కృష్ణలో నీళ్లు పదకొండు లక్షల క్యూసెక్కులు దాటాయి. కొట్టుకొచ్చిన బోట్లు ప్రకాశం బ్యారేజీ గేట్లని గుద్దుకున్నాయి. మా షాపు దగ్గర టీ తాగుతూ ఆ సీను నేను చాలాసార్లు వర్ణించాను: ఎర్రటి నీళ్లు, బోటు అడ్డం తిరగడం, కాంక్రీటు మీద ఆ దెబ్బ. చూసినవాణ్ణి కాబట్టి బాగా చెప్పేవాణ్ణి. ఎక్కడ చూశాను? ఆ రోజు నేను సింగ్ నగర్‌లో పక్కింటి మేడ మీద, పైనుంచి వేసే పాల ప్యాకెట్టు కోసం చూస్తూ ఉన్నాను. బ్యారేజీ దరిదాపుల్లో లేను. తర్వాత ఫోన్లో చూసిందే, బ్యారేజీ మీద నిలబడి చూసినట్టుగా నాలో స్థిరపడింది. బొమ్మ గుర్తుంటుంది, అది ఎక్కణ్ణించి వచ్చిందో ఆ చీటీ ఊడిపోతుంది.

నాకైనా చూడటానికి వీడియోలున్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1992లో సరుకుల విమానం ఒకటి అపార్ట్‌మెంట్ల మీద కూలింది. ఢీకొట్టిన క్షణాన్ని ఎవరూ వీడియో తీయలేదు, టీవీలో అసలు రాలేదు. కొన్ని నెలల తర్వాత పరిశోధకులు, ఆ క్షణం టీవీలో చూశారా అని అడిగితే 55 శాతం మంది చూశామన్నారు. లేని వీడియోని!

వినేవాళ్ల మాట కూడా లోపలికి పోతుంది. ఎలిజబెత్ లాఫ్టస్, 1974లో: కార్ల యాక్సిడెంట్ వీడియో చూపించి, కొందరిని "కార్లు తాకినప్పుడు ఎంత స్పీడు" అని, కొందరిని "నుజ్జు నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు ఎంత స్పీడు" అని అడిగింది. మొదటివాళ్లు సగటున గంటకి 32 మైళ్లన్నారు, రెండోవాళ్లు 41. ఇంకో బృందాన్ని వారం తర్వాత, అద్దం పెంకులు చూశారా అని అడిగింది. వీడియోలో పెంకులు లేవు. "కొట్టుకున్నప్పుడు" అని విన్న యాభై మందిలో 7 గురు చూశామన్నారు, "నుజ్జు నుజ్జు" విన్న యాభై మందిలో 16 మంది. ఒక్క క్రియాపదం చేసిన పని ఇది. నా షాపులో అఫిడవిట్ రాయించడానికి వచ్చినవాళ్లని నేను రోజూ అడిగే ప్రశ్నలు తలుచుకుంటే ఒళ్లు జలదరించింది. "తోశాడా, కొట్టాడా? కొట్టాడనే రాద్దామా?"

నా తమ్ముడి చేతిలో సంచి ఎలా వచ్చిందో కూడా ఇప్పుడు ఊహించగలను. నీళ్లు తీశాక ప్రభుత్వం కింది వాటాల ఇళ్లకి 25 వేలు ప్రకటించింది. లెక్కలు రాసుకునేవాళ్లు వచ్చినప్పుడు ఆధార్ కార్డుల కోసం ఆ బురద సంచి తెరిచింది తమ్ముడే. డాబా మీద కాగితాలు ఒక్కొక్కటే విడదీసి, ఎగిరిపోకుండా గులకరాళ్లు పెట్టి ఆరబెట్టాడు. అది నేను చూశాను, ఆ మాట అక్కతో కూడా అన్నాను. ఆ ఆదివారం మంచమెక్కి సజ్జ మీద ఏదో పెట్టిన మాట కూడా నిజం. అమ్మ చెబుతోంది, అది ఆవకాయ జాడీ, పక్కనే గుండిగ. అంటే గుండిగ అంచు నిజం, దుమ్ము నిజం, తమ్ముడు, సంచి, ఆధార్ కార్డులు అన్నీ నిజం. కుట్టు ఒక్కటే నాది.

ఇదంతా మా షాపుకి వచ్చే రిటైర్డ్ తెలుగు మాస్టారికి చెబితే ఆయన ఒప్పుకోలేదు. "ఏమయ్యా, తిరుపతి వేంకట కవులు శతావధానంలో వందమంది అడిగిన పద్యాలు చివర్లో ధారణ చేసి వరసగా అప్పజెప్పలేదా? మన జ్ఞాపకం అంత చవకబారుదేం కాదు" అన్నారు. మంచి ప్రశ్నే. రెండు రోజులు ఆలోచించాను. ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర యతి కుదరాలి, ప్రతి పాదంలో రెండో అక్షరం ప్రాస కలవాలి, గణాలు తప్పకూడదు. గుర్తు లేని చోట ఇంకో మాట పెడదామంటే పద్యమే ఒప్పుకోదు, కాలికి రాయి తగిలినట్టు తెలిసిపోతుంది. ఆ పైన ఏళ్ల తరబడి సాధన. ధారణ గొప్పదే, కాదనను. అందులో కొంత గొప్పతనం ఛందస్సుది అంటాను. వరదకి యతి లేదు, ప్రాస లేదు. జాడీ తీసి అక్కడ సంచి పెట్టినా ఎక్కడా తగలదు, చక్కగా అమరిపోతుంది. మాస్టారు తల ఊపారు, ఒప్పుకున్నట్టా కాదా అన్నది మాత్రం చెప్పలేదు.

మా లాయరు మిత్రుడికి ఇంకో భయం. "ఇలా అయితే సాక్షుల్నే నమ్మక్కర్లేదంటావా? కోర్టులు మూసేసుకోమంటావా?" అనలేదు. ఈ మధ్య పరిశోధకులు చెప్పేది ఇంకాస్త సూక్ష్మంగా ఉంది: జాన్ విక్స్‌టెడ్, గ్యారీ వెల్స్ 2017లో రాసినదాని ప్రకారం, పోలీసులు పద్ధతిగా అనుమానితుణ్ణి చూపించినప్పుడు, మొట్టమొదటిసారి సాక్షి ఎంత ధైర్యంగా చెప్పాడన్నదానికి విలువ ఉంది. ఏళ్ల తర్వాత బోనులో ఘంటాపథంగా చెప్పినదానికి ఆ విలువ లేదు. మొదటిసారి "వీడేననుకుంటా" అన్నవాడు, పదిమందికి పదిసార్లు చెప్పి, వాడేనని పోలీసులు కూడా అన్నాక "ముమ్మాటికీ వీడే" అంటాడు. గొంతు పెరిగిందని సాక్ష్యం పెరగదు. నేను నా తమ్ముడి మీద చూపించిన ధైర్యం ఆ రెండో రకం. మొదటి రకం, ఆదివారం పొద్దున్నది, నా ఫోన్లోనే పడి ఉంది. నేనే వినలేదు.

అఫిడవిట్ చివర ఒక వాక్యం ఉంటుంది: పైన తెలిపిన విషయాలు నాకు తెలిసినంతవరకు, నేను నమ్మినంతవరకు నిజమని ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను. పదిహేడేళ్లుగా అది నా కంప్యూటర్లో రెడీగా ఉంది, కాపీ పేస్ట్. ఎవరూ చదవరు, సంతకం ఎక్కడ అని అడుగుతారు. ఎవరో పాతకాలపు గుమస్తా చాదస్తం అనుకునేవాణ్ణి. ఇప్పుడు చూస్తే మొత్తం కాగితంలో ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసిన వాక్యం అదొక్కటే అనిపిస్తోంది. ఇళ్లల్లో గొడవ పడేటప్పుడు ఆ మాట వాడేవాణ్ణి ఒక్కణ్ణీ నేను చూడలేదు, అద్దంలో కూడా.

మొన్న శనివారం రాత్రి ఆ వాయిస్ మెసేజ్ తమ్ముడికి ఫార్వర్డ్ చేశాను. కింద ఏం రాయాలో తెలియక ఏమీ రాయలేదు. రెండు నీలం టిక్కులు వచ్చాయి. గంట గడిచింది. టెన్షన్‌తో చచ్చాను. పదకొండింటికి వాడే ఫోన్ చేశాడు.

"విన్నానన్నయ్యా" అన్నాడు.

"తప్పు నాదేరా."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, నన్ను ఓదార్చాలన్నట్టు అన్నాడు: "అది కాదన్నయ్యా. నువ్వన్నాక నేను కూడా చాలాసార్లు ఆలోచించా. నేనే దించానేమో. నాకు కొంచెం కొంచెం గుర్తొస్తోంది. ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఎక్కాను. దిగేటప్పుడు కుర్చీ కాలు బురదలో జారింది కూడా."

మా ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలు నాలుగున్నాయి. నాలుగూ వరద తర్వాత కొన్నవే.